మా ఆయన తీసిన రెండో రీడింగు

మా ఆయన గురునాథరావు గురించి మంచి చెప్పమంటే బోలెడు చెప్పగలను. కానీ ముందు నా కోపం చెప్పుకోనివ్వండి. నిరుడు వానాకాలంలో రెండు నెలల పాటు, నా ఎదురుగా మంచం మీద కూర్చునుండి కూడా, ఆయన నన్ను ఒంటరిదాన్ని చేసేశారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో నేను పడ్డ పాట్లన్నీ ఒక ఎత్తు, ఆ రెండు నెలలూ ఒక ఎత్తు.

ఆయన స్టీల్ ప్లాంటులో పైపుల మందం కొలుస్తారు. ఇదేం ఉద్యోగమమ్మా సూర్యకళా, అని మా పుట్టింటివాళ్ళు పెళ్ళిచూపులప్పుడు అడిగారు, ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. గ్యాసు వెళ్ళే ఇనప పైపులు పైకి రంగు వేసి నిగనిగలాడుతున్నా, లోపల్నుంచి తుప్పు తినేస్తూ ఉంటుందట. గోడ ఇంకా ఎంత మిగిలిందో పైపు కొయ్యకుండానే తెలుసుకోవాలి. దానికో చిన్న పెట్టె, పెట్టెకో వైరు, వైరు చివర రూపాయి బిళ్ళంత ముక్క. పైపు మీద జెల్ రాసి ఆ ముక్క ఆనిస్తే పెట్టెలో అంకె కనిపిస్తుంది. పోయిన ఏడు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది, ఈ ఏడు ఏడున్నరకి వచ్చింది అంటే, ఆ రెండు అంకెలకీ కాగితం మీద చుక్కలు పెట్టి, స్కేలుతో గీత గీసి, ఈ పైపు ఇంకా ఇన్నేళ్ళు ఆగుతుందని చెప్పేస్తారు. ఆ కాగితం మీద పెద్ద పెద్ద ఇంజనీర్లు మారుమాట లేకుండా సంతకం పెడతారు. అంత లెక్క తెలిసిన మనిషికి ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తేల్చి చెప్పడం మాత్రం ఈనాటికీ చేతకాదు.

మా ఇద్దరివీ తణుకు దగ్గర ఊళ్ళే. పెళ్ళయిన ఏడాదే ప్లాంటు పక్కనున్న కూర్మన్నపాలెం వచ్చి పడ్డాం, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. ఒక్కతే కూతురు చంద్రిక. పెందుర్తిలో కాపురం, అక్కడే ఒక బళ్ళో టీచరు. ఆయనకి యాభై ఏడు. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. అప్పటిదాకా ఆయనకి జలుబు తప్ప జబ్బు తెలియదు. జలుబు చేస్తే మాత్రం ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగేవారు. అది వేరే సంగతి.

ప్లాంటులో ఏటా చేసే హెల్త్ చెకప్‌లో డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి కాసేపు వింటూ ఉండిపోయారట. ఎందుకైనా మంచిది, గుండెకి ఎకో తీయించుకోమని సిటీలో గుండె ఆసుపత్రికి రాసిచ్చారు. నేనూ వెళ్ళాను. ఛాతీ మీద జెల్ రాసి మిషన్ ముక్క ఆనించేసరికి మా ఆయన మొహం వెలిగిపోయింది. "అరె, ఇది మా పనే కదండీ! మీరు ఏ జెల్ వాడతారు? మిషన్ రోజూ చెక్ చేస్తారా?" అని ఆ తీసే అమ్మాయిని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆ అమ్మాయి కాసేపు నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. చూసినచోటే మళ్ళీ మళ్ళీ చూసి, లోపలికి వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది.

డాక్టరు హిమబిందుగారు చిన్న వయసావిడే గానీ నెమ్మదిగా, అర్థమయ్యేలా మాట్లాడతారు. సీటీ స్కాన్ కూడా తీయించి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. గుండెలోంచి రక్తాన్ని ఒంటికంతటికీ మోసుకెళ్ళే పెద్ద నాళం ఒకటుంటుందట. మా ఆయనకి ఆ నాళం గుండె పైన ఒకచోట ఉబ్బింది. మామూలుగా ముప్పై అయిదు మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉండాల్సింది, నలభై మూడు ఉంది. దాన్ని ఎన్యూరిజం అంటారట. ఆ పేరు పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"యాభై అయిదు దాకా వస్తే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం. చాలామందికి ఏళ్ళ తరబడి కదలదు. కదిలినా ఏడాదికో మిల్లీమీటరు, అంతే. బీపీ మందు రోజూ వేసుకోండి, బరువులెత్తకండి, చక్కగా నడవండి. ఆరు నెలలకి మళ్ళీ ఇక్కడికే రండి, స్కాన్ తీసి చూసుకుందాం" అన్నారావిడ. ఛాతీలో గానీ వీపులో గానీ ఒక్కసారిగా చీల్చేసినట్టు నొప్పి వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి రావాలని నాకు ప్రత్యేకంగా చెప్పారు.

ఆరు నెలలు. ఆ మాట నాకు ధైర్యంగా వినిపించింది. ఆయనకి మాత్రం ఇంకోలా వినిపించింది. బస్సులో వస్తూ ఒకే ఒక్క మాటన్నారు. "గోడ పలచబడింది సూరీ." అంతే. కూర్మన్నపాలెం వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నా చేత ఒట్టు వేయించుకున్నారు. చంద్రికకి చెప్పకూడదు, ఊళ్ళో వాళ్ళకి చెప్పకూడదు, ఎవరడిగినా నడుం నొప్పి అనాలి.

లాంగ్ లీవు పెట్టేశారు. బీపీ మిషన్ కొని తెచ్చుకుని మంచం పక్కన స్టూలు మీద పెట్టుకున్నారు. డాక్టరుగారు పొద్దునా సాయంత్రం చూసుకోమంటే ఈయన గంటకి రెండుసార్లు. నూట ముప్పై ఎనిమిది వస్తే నూట ముప్పై ఎనిమిదా అని కంగారు, ఆ కంగారుకి మళ్ళీ చూస్తే నూట యాభై, నూట యాభై చూశాక ఇంక ఆ మనిషిని పట్టుకోలేం. తుమ్ము వస్తే ఎక్కడ ఏం చిట్లిపోతుందోనని ముక్కు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నవ్వడం మానేశారు. మేడ మీదికి రావడం మానేశారు. స్నానానికి చెంబు ఎత్తాలన్నా ఆలోచనే. నడవమన్నారు కదండీ అంటే, "నీకేం తెలుసు?" అని కసిరేవారు. నాకేం తెలుసో అడిగితే కదా తెలిసేది!

నేను అప్పుడప్పుడూ అరిచాను కూడా. అబద్ధం ఎందుకు? జబ్బు మనిషి మీద అరుస్తావా అని మీరు అనుకోవచ్చు. జబ్బు మనిషి మీద కాదు, జబ్బు ఎంత ఉందో అంతకి పదింతలు పడుతున్న మనిషి మీద అరిచాను. అరిచాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఏడ్చి, మొహం కడుక్కుని, ఉప్పు తగ్గించిన చారు వడ్డించేదాన్ని.

ఏడు వారాలు అలా గడిచాయి. ఆగస్టు చివర్లో ఒక రోజు పొద్దున్నే ఆయన తయారైపోయి, "ద్వారకా నగర్‌లో చిన్న పనుంది, వెళ్ళొస్తాను" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. మనిషి గడప దాటుతున్నాడు! తోడు వస్తానంటే వద్దన్నారు. వద్దంటే వద్దులెమ్మని, గుత్తి వంకాయ కూర చేసి, ఆయన వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చారు. కూర రెండుసార్లు వేయించుకున్నారు. చాలా నెమ్మదిగా, చాలా మంచిగా మాట్లాడారు. అప్పుడే అనుమానించాల్సింది నేను. మా ఆయన అంత మంచిగా ఎప్పుడూ మాట్లాడరు.

మర్నాటి నుంచి నాకు పాఠాలు మొదలెట్టారు. నీళ్ళ మోటారు పట్టేస్తే ఎలా తిప్పాలి, మేడ మీద ట్యాంకు వాల్వు ఏది, ఇంట్లో కరెంటు పోతే ఏ స్విచ్చి ముందు చూడాలి, గ్యాసు రెగ్యులేటర్ వాషర్ ఎప్పుడు మార్చాలి. అన్నిటి మీదా తెల్ల కాగితం ముక్కలు అంటించి, గుండ్రటి అక్షరాలతో పేరూ, తేదీ రాశారు. కుళాయి మీద కూడా కుళాయి అని రాసిన మనిషిని ఏమనాలి? మొదట్లో నవ్వుకున్నాను, కాలక్షేపం దొరికిందిలెమ్మని. నాలుగో రోజు నా చేతికి స్క్రూడ్రైవరిచ్చి ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పి బిగించమన్నారు. "ఇవన్నీ నాకెందుకండీ, మీరున్నారుగా?" అన్నాను. "తెలుసుకుని ఉంటే మంచిది కదా" అన్నారు రెగ్యులేటర్ వైపే చూస్తూ. స్క్రూడ్రైవర్ అక్కడే పడేసి లేచిపోయాను.

ఆ సాయంత్రం ఆయన బాత్రూములో ఉండగా బీపీ మిషన్ పెట్టె తెరిచాను. మిషన్ కింద మడతపెట్టిన గ్రాఫ్ కాగితం ఉంది. ముప్పై ఏళ్ళుగా మా భోజనాల బల్ల మీద ఆ కాగితాలు చూస్తున్నదాన్ని, నాకు వేరే చెప్పక్కర్లేదు. రెండు చుక్కలున్నాయి. జూలై పది, నలభై మూడు. ఆగస్టు ఇరవై ఎనిమిది, నలభై ఏడు. రెంటినీ కలుపుతూ స్కేలుతో గీసిన గీత. గీత అలా పైకి పోయి యాభై అయిదు దగ్గర ఆగింది. అక్కడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి డిసెంబరు నాలుగు అని రాశారు.

ఆపరేషన్ అన్న అంకె పక్కన మా ఆయన తన చావుకి తేదీ వేసుకున్నారు. కాగితం పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయాను.

బయటికొచ్చి నా చేతిలో కాగితం చూసి ఆయన దాచడానికి ప్రయత్నించలేదు. ద్వారకా నగర్‌లో ఒక ల్యాబుకి వెళ్ళి, పాత చీటీ జిరాక్స్ చూపించి, మళ్ళీ సీటీ తీయించుకున్నారట. ఆరు నెలలు ఆగలేకపోయారట. ఏడు వారాల్లో నాలుగు మిల్లీమీటర్లు పెరిగిందట.

"రేపే హిమబిందుగారి దగ్గరికి వెళ్దాం పదండి" అన్నాను.

"వద్దు. వెళ్తే ఇప్పుడే ఆపరేషన్ అంటారు. ఛాతీ రెండుగా కోసి, గుండె ఆపి చేస్తారు సూరీ. ఆ బల్ల మీద నేను పోను. ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంటాను."

"మరి చంద్రిక?"

"చెప్పావంటే నా మీద ఒట్టే."

"పెరిగిందో లేదో డాక్టరు చెప్పాలి గానీ మీరు చెబితే ఎలాగండీ?"

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నా లెక్క తప్పదు" అన్నారు.

నిజంగానే ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. బతికే దారి ఉంటే ఆ దారి డాక్టరు దగ్గరుంది, ఈయనేమో అటు అడుగు పెట్టనంటున్నారు. బతిమాలాను, తిట్టాను, రెండు పూటలు అన్నం మానేశాను. ఆయన కదల్లేదు.

నేను ఒట్టు తప్పే మనిషిని కాదు. కానీ ఆ ఒట్టు చంద్రికకి చెప్పకూడదనే గట్టిగా వేయించుకున్నారు గానీ వరహాలు పేరు ఎత్తలేదు. వరహాలు ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా హెల్పరు. ఆ పెట్టె మోసేదీ, నిచ్చెన వేసేదీ, పైపు గీకి జెల్ రాసేదీ అతనే. సముద్రం ఒడ్డు పల్లెవాడు, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు. ఆదివారం ఆదివారం మాకు చేపలు తెచ్చిస్తాడు. ఆ ఆదివారం పావుకిలో వంజరం ముక్కలు సంచీలో వేసుకుని రాగానే పెరట్లోకి తీసుకెళ్ళి, ఏమీ చెప్పకుండా కాగితం చేతిలో పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇదేటి వదినగోరూ? ఏ పైపు లైనుది? ఏడు వారాల్లో నాలుగంటే బేగి ఆపీయాలి కదా."

"మీ గురువుగారి లైనయ్యా" అన్నాను. అని, అన్నీ చెప్పేశాను.

వరహాలు మొహం పాలిపోయింది. కాసేపు గోడకి ఆనుకుని నించున్నాడు. చేపల సంచీ నా చేతికి ఇవ్వడం కూడా మర్చిపోయాడు. మళ్ళీ కాగితం పైకెత్తి చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు. తర్వాత విసవిసా ఇంట్లోకి నడిచాడు. వెనకాలే నేను పరుగెత్తాను.

"గురువుగోరూ, ఈ రెండు రీడింగులూ ఒక్క మిషన్‌తోనే తీసినారేటి?" అన్నాడు. నమస్కారం లేదు, ఏం లేదు.

మా ఆయన నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు సంగతి తర్వాత చూసుకోవచ్చని నేను గోడ వైపు చూశాను.

"కాదు" అన్నారు.

"ఒక్క మనిసే కొలిసినాడా?"

"కాదు. ఇది వేరే ల్యాబు."

"పోనీ, ఒక్క పాయింటేనా? ముందు యే కాడ కొలిసినారో, మళ్ళీ ఆ కాడే కొలిసినారా?"

మా ఆయన తల పక్కకి తిప్పుకున్నారు.

"మరి దీన్ని గ్రాఫంటారేటండీ?" వరహాలు కాగితం మంచం మీద పడేశాడు. "మీకు గురుతుందో నేదో, నాకైతే బాగా గురుతుంది. నాను కొత్తగా వొచ్చిన రోజులు. నిచ్చెన అందనేదని, కొలవమని ఏసిన పసుప్పచ్చ మార్కు ఒగ్గీసి, జానెడు ఇవతల వంపు కాడ రీడింగు తీసీసినాను. ఏడుండాల్సింది అయిదొచ్చినాది. లైను ఆపీసినారు. తీరా సూస్తే ఆ వంపు కాడ మొదట్నుంచీ అంతేనంట. మీరు నన్ను పదిమందిలో నించోబెట్టి ఏటన్నారు? 'మార్కు మీద తియ్యని రీడింగు రీడింగు కాదురా, నీ ఊహ' అన్నారు. నాను మూడ్రోజులు సరిగ్గా అన్నం తిన్నేదు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా మార్కు తప్పనేదు."

"అది ఇనుం! ఇది ఒళ్ళురా!" మా ఆయన గట్టిగా అరిచారు. రెండు నెలల్లో ఆయన అరవడం అదే మొదలు. బీపీ ఏమవుతుందోనని ఒక పక్క భయం, మనిషికి గొంతు తిరిగొచ్చిందని ఇంకో పక్క సంతోషం.

"ఇనుముకే అంత సూసీవోరు, ఒంటికి సూసుకోరేటి?" అన్నాడు వరహాలు. "డిసెంబరు నాలుగంట. మీరు రాసీసినారు, మేం నమ్మీయాలి. ఇరవయ్యేళ్ళు మీ యెనకాల పెట్టె మోసినాను. ఈ గ్రాఫు నాను తెచ్చుంటే మీరు సించి నా మొహాన కొట్టీవోరు కాదా?"

మా ఆయన కాగితం తీసి చూసుకున్నారు. రెండు చుక్కల మీదా వేలు పెట్టి అటూ ఇటూ కదిపారు. పెదవులు కదుపుతూ తనలో తనే ఏదో అనుకున్నారు. ఇంకొకళ్ళ పనిలో తప్పు పట్టేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ మొహం మెల్లగా పైకి వచ్చింది. ఎంత సేపటికో తలెత్తి నాతో అన్నారు. "ఆ మొదటి స్కాన్ సీడీ ఎక్కడ పెట్టావ్?"

బీరువాలో చీరల కింద పెట్టాను. పరుగెత్తి తెచ్చాను.

మర్నాడే వెళ్ళాం. హిమబిందుగారు ముందు ఏమీ అనలేదు. రెండు సీడీలూ కంప్యూటర్లో వేసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఒకదాన్ని తిప్పారు, వంచారు, ఇంకోదాన్ని అలాగే తిప్పారు. మా ఆయన కుర్చీ అంచుకి వచ్చేశారు. నేను కుర్చీ చేయి పట్టుకుని, మనసులో సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటూ కూర్చున్నాను.

"నాళం నిటారుగా ఉండదు కదండీ, వంపు తిరిగి ఉంటుంది" అన్నారావిడ. "మేం దానికి సరిగ్గా అడ్డంగా కొలుస్తాం. ఈ ల్యాబులో మామూలు బొమ్మ మీదే కొలిచారు, ఆ గీత నాళానికి ఏటవాలుగా పడింది. ఏటవాలుగా పడితే..."

"బెండకాయని ఏటవాలుగా తరిగితే చక్రం పెద్దదొస్తుంది" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

హిమబిందుగారు నా వైపు తిరిగి నవ్వారు. "అంతేనండీ. నేనింత చెప్పక్కర్లేకపోయింది." మళ్ళీ తెర మీదికి తిరిగి, రెండో బొమ్మకి కూడా అడ్డంగా గీత గీశారు. "నలభై మూడు. అప్పుడూ నలభై మూడే, ఇప్పుడూ నలభై మూడే."

మా ఆయన మొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? బతుకుతానా అని కాదు. "మీ కొలతలో తేడా ఎంత వస్తుందమ్మా మామూలుగా?"

"ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు."

"ఆ మాట రిపోర్టులో రాయొద్దూ!" అన్నారాయన కోపంగా. హిమబిందుగారికి నవ్వాగలేదు. ఈసారి మాత్రం తప్పకుండా రాయిస్తానని మాటిచ్చారు. ఇక్కడికే రమ్మని అందుకే అన్నానని కూడా నెమ్మదిగా గుర్తుచేశారు. ఆయన తల దించుకున్నారు.

మళ్ళీ తలెత్తి, "ఇంక పెరగదని చెప్పగలరా?" అని అడిగారు.

"చెప్పలేనండీ. పెరిగితే మనకి ముందే తెలుస్తుందని చెప్పగలను. అప్పుడు ఆపరేషన్ కావాలన్నా, హడావుడి లేకుండా తీరిగ్గా చేసుకోవచ్చు."

"అబ్జర్వేషన్‌లో ఉన్న లైన్లు నా దగ్గర పదకొండున్నాయి" అన్నారాయన. "ఒకటైతే పధ్నాలుగేళ్ళుగా నడుస్తోంది. పల్చగానే ఉంది. ఏటా చూస్తాం, నడిపిస్తాం."

"మిమ్మల్నీ అలాగే నడిపిద్దాం" అన్నారావిడ. బీపీ రోజుకి రెండే రెండుసార్లు చూసుకోవాలని, మూడోసారి చూస్తే మిషన్ నేను లాక్కోవాలని చెప్పారు. డ్యూటీకి వెళ్ళొచ్చు, పెట్టె మాత్రం మొయ్యకూడదు. భయం విషయం మాట్లాడడానికి అదే ఆసుపత్రిలో ఒక కౌన్సెలర్ ఉన్నారని, సిగ్గుపడకుండా వెళ్ళమని చీటీ రాసిచ్చారు. ఈ జబ్బు కొన్ని ఇళ్ళల్లో రక్తసంబంధంలో వస్తుందట. అందుకని తోబుట్టువులూ, కూతురూ ఒకసారి ఎకో తీయించుకోవాలన్నారు.

తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ పై సోమవారం డ్యూటీలో చేరారు. జనవరి స్కాన్‌లో నలభై మూడే వచ్చింది, పక్కన ప్లస్ ఆర్ మైనస్ రెండు అని రాసుంది. భయం మొత్తం పోయిందా అంటే పోలేదు. స్కాన్ దగ్గరపడితే వారం ముందు నుంచీ మాట తగ్గిపోతుంది, అన్నం కెలుకుతారు. కౌన్సెలర్ దగ్గరికి నెలకోసారి వెళ్ళొస్తారు. మొదటిసారి నన్ను బయట కూర్చోమన్నారు, రెండోసారి లోపలికి రమ్మన్నారు. సాయంత్రాలు ఇద్దరం నడుస్తాం. దారిలో ఇళ్ళవాళ్ళు వేయించుకున్న పైపులన్నిటికీ వంకలు పెడుతూ నడుస్తారు. అవన్నీ సరే. కానీ నా మనసులో నిలిచిపోయింది నలభై మూడు కాదు, ఆ రోజు ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక జరిగింది.

ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో కూర్చున్నాం. మా ఇంటి వైపు వెళ్ళే గాజువాక బస్సు రావాలి. అప్పుడే వాన వెలిసింది, ఎండ కాస్తోంది. నేను సంతోషంగా ఉండాలి కదా? ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. మామూలు ఏడుపు కాదు, పైకే, వెక్కి వెక్కి. పక్కన ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు అమ్ముకునే ఆవిడ బుట్ట వదిలేసి వచ్చి, "ఏటైనాదమ్మా? ఎవులైనా పోనారేటి?" అని నా వీపు నిమిరింది.

"ఎవరూ పోలేదండీ. అంతా బాగుందనే చెప్పారు" అన్నారు మా ఆయన కంగారుగా. నా వైపు తిరిగి, "ఎందుకే ఏడుస్తావ్? ఏం పెరగలేదన్నారుగా! విన్నావుగా!" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "విన్నాను. మీకు రెండు నెలలూ ఒకటే భయం. నాకు రెండు. మీరు పోతారేమోనని ఒకటి. పోయేదాకా ఇలాగే ఉండిపోతారేమోనని ఇంకోటి. రెండోదే నన్ను ఎక్కువ చంపింది. కుళాయి మీద కూడా కాగితం అంటించారే, ఈ రెండు నెలల్లో ఒక్కసారైనా నన్ను అడిగారా, నీకెలా ఉందే అని?"

ఆయన మొహం చిన్నబోయింది. బస్సు వచ్చింది. లేవలేదు. అది వెళ్ళిపోయింది. వేరుసెనక్కాయలావిడ మెల్లగా తన బుట్ట దగ్గరికి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆయన జేబులోంచి ఫోన్ తీసి చంద్రికకి చేశారు.

"అమ్మా, క్లాసులో ఉన్నావా? ఖాళీయేనా? సరే విను. నాకు గుండె దగ్గర నాళం కొంచెం ఉబ్బింది. రెండు నెలలైంది తెలిసి. నువ్వు కంగారు పడకు." ఆగారు. "కాదులే. కంగారు పడితే పడు, తప్పేం లేదు. నేనూ పడ్డాను. చాలా భయమేసిందమ్మా నాకు. ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు కూడా వేయించుకున్నాను." అవతల చంద్రిక ఏదో గబగబా అడుగుతోంది. ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకుని, "ఇప్పుడు బాగానే ఉన్నాను. నువ్వు కూడా ఒక పరీక్ష చేయించుకోవాలట, అది తర్వాత చెబుతాను. ముందు మీ అమ్మతో మాట్లాడు. నా గురించి అడక్కు. నువ్వెలా ఉన్నావమ్మా అని అడుగు. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరం అడగలేదు" అన్నారు.

ఫోన్ నా చేతికిచ్చారు. చంద్రిక ఏడుస్తూనే అడిగింది.

రెండు నెలలుగా ఎవరు ఫోన్ చేసినా, ఎవరు పలకరించినా బాగున్నామనే చెప్పాను. నోటికి ఆ మాటే వచ్చింది, ఆపుకున్నాను.

"బాగోలేనే తల్లీ" అన్నాను. "చాలా భయమేసింది."

చెబుతూనే ఉన్నాను, ఎంతసేపు చెప్పానో తెలియదు. మధ్యలో ఇంకో గాజువాక బస్సు వచ్చి ఆగింది. మా ఆయన కండక్టరుకి వద్దన్నట్టు చెయ్యి ఊపి, నా పక్కనే కూర్చుని అంతా విన్నారు.